గ్రీన్‌కార్డు నుంచి అమెరికా పౌరసత్వం దాకా: తేదీల లెక్క నుంచి ఓసీఐ వరకు

అమెరికా సిటిజన్‌షిప్ అనగానే మనవాళ్లు ఎక్కువగా అడిగేది "పరీక్షలో ఏమడుగుతారు?" అని. ఎంసెట్లు, జీఆర్‌ఈలు రాసి వచ్చినవాళ్లకు ఆ పరీక్ష పెద్ద విషయం కాదు, కొన్ని వారాలు కూర్చుంటే వచ్చేస్తుంది. దరఖాస్తులు ఇబ్బందుల్లో పడేది వేరే చోట. తప్పుగా వేసుకున్న తేదీలు, లెక్కలోకి రాని ఇండియా ప్రయాణాలు, "చిన్నదే కదా" అని రాయకుండా వదిలేసిన పాత సంగతులు ఎక్కువమందిని ముంచుతాయి. అందుకే ఈ వ్యాసంలో పరీక్ష కంటే వాటికే ఎక్కువ చోటిచ్చాను. ఇందులో ఉన్నది మామూలు పరిస్థితుల్లో ఉన్నవాళ్లకు సరిపోయే సమాచారం. పోలీసు కేసు, విడాకుల వివాదం, ఇండియాలో ఏడాది దాటిన మకాం లాంటివి ఉంటే ఫారం ముట్టుకోకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. ఆ ఖర్చు వృథా కాదు.

మొదట ఇంట్లో తేల్చుకోవాల్సింది

భారత్ రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. 1955 నాటి పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం, మీ ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణంలోనే భారత పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్టు సరెండర్ చేసిన రోజున కాదు, ఇక్కడ పౌరసత్వ ప్రమాణం చేసిన రోజునే. చాలామంది ఈ తేడాను గమనించరు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డును "డ్యూయల్ సిటిజన్‌షిప్" అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది జీవితకాల వీసా లాంటిది మాత్రమే. దానితో ఇండియాలో ఎంతకాలమైనా ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. ఓటు వేయలేరు, ఎన్నికల్లో నిలబడలేరు, వ్యవసాయ భూమి కొనలేరు.

వచ్చేవి కూడా చిన్నవి కావు. ఓటు హక్కు వస్తుంది. గ్రీన్‌కార్డు రెన్యువల్ గొడవ ఉండదు. ఇండియాలో రెండేళ్లుండి అమ్మానాన్నలను చూసుకుని వచ్చినా "ఇక్కడి నివాసం వదిలేశారా?" అని ఎయిర్‌పోర్టులో ఎవరూ నిలదీయరు. మీకు 21 ఏళ్లు నిండి ఉంటే తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు కోసం ఐ-130 అనే బంధువుల పిటిషన్ వేయొచ్చు, వాళ్లకు వీసా కోటా వరుస ఉండదు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా వేయొచ్చు కానీ భారతీయులకు ఆ వరుస పదిహేనేళ్లు దాటింది.

ఒక్క విషయం ముందే తెలుసుకుని దిగండి. అమెరికా పౌరులు ప్రపంచంలో ఎక్కడ ఉన్నా అమెరికాలో ట్యాక్స్ రిటర్న్ వేయాలి. రిటైరయ్యాక హైదరాబాద్‌లో స్థిరపడాలని ఉన్నవాళ్లు ఆ మాటను ఇప్పుడే లెక్కలోకి తీసుకోవాలి.

మొదటి లెక్క: ఐదేళ్లు ఎప్పుడు నిండుతాయి

మామూలు నియమం: వయసు 18 దాటి ఉండాలి, గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు కావాలి. ఆ ఐదేళ్లను కార్డు మీద "రెసిడెంట్ సిన్స్" అని ఉన్న తేదీ నుంచి లెక్కపెట్టాలి. కార్డు పోస్టులో చేతికొచ్చిన తేదీ, కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొందిన తేదీ, ఏళ్ల తరబడి మనం కంఠతా పట్టిన ప్రియారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరుసలో మన స్థానం చెప్పే తేదీ) ఇక్కడ పనికిరావు.

ఐదేళ్లు నిండటానికి 90 రోజుల ముందు నుంచి ఎన్-400 అనే పౌరసత్వ దరఖాస్తు వేయొచ్చు. "మూడు నెలల ముందు" అని కాదు, సరిగ్గా 90 రోజులు. ఉదాహరణకు కార్డు మీద 2022 జూన్ 15 అని ఉంటే ఐదేళ్లు 2027 జూన్ 15న నిండుతాయి. మూడు నెలలు వెనక్కి వేస్తే మార్చి 15 వస్తుంది, 90 రోజులు వెనక్కి వేస్తే మార్చి 17 వస్తుంది. మార్చి 15న వేసిన దరఖాస్తు రెండు రోజుల తేడాతో తిరస్కరణకు గురవుతుంది, కట్టిన ఫీజు తిరిగి రాదు. ఈ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో ఇందుకోసమే ఒక క్యాలిక్యులేటర్ ఉంది. దానిలో చూసుకుని, ఇంకో నాలుగైదు రోజులు ఆగి వేస్తే మనసు నిమ్మళంగా ఉంటుంది.

భార్య లేదా భర్త అమెరికా పౌరులైతే మూడేళ్లకే వేయొచ్చు. అయితే ఆ మూడేళ్లూ వాళ్లు పౌరులై ఉండాలి, మీరిద్దరూ కలిసే కాపురం చేస్తూ ఉండాలి. "మా ఆయనకు పోయిన నెల సిటిజన్‌షిప్ వచ్చింది, నాకిక మూడేళ్ల రూల్ వర్తిస్తుంది కదా" అనుకోవడం పొరపాటు. ఆయనకు వచ్చిన రోజు నుంచి మూడేళ్లు గడవాలి. ఇద్దరికీ కార్డు ఒకేసారి వచ్చి ఉంటే, ఈలోగా ఆమె ఐదేళ్లు ఎలాగూ నిండిపోతాయి.

దరఖాస్తు వేసే రాష్ట్రంలో కనీసం మూడు నెలలు నివసించి ఉండాలన్నది మరో షరతు. న్యూజెర్సీ నుంచి డాలస్‌కు ఇల్లు మారుస్తున్నవాళ్లు ఇది గుర్తుంచుకోండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇల్లు మారిన పది రోజుల్లోగా ఆ సంగతి యూఎస్‌సీఐఎస్‌కు తెలపాలి కూడా.

రెండో లెక్క: ఇండియాలో ఎన్ని రోజులు ఉన్నారు

ఇక్కడ రెండు వేర్వేరు నియమాలున్నాయి. రెండూ ఒకటే అనుకుని దెబ్బతినేవాళ్లు ఎక్కువ.

మొదటిది, ఐదేళ్లలో కనీసం 30 నెలలు, అంటే 913 రోజులు, అమెరికా గడ్డ మీద ఉండాలి. మూడేళ్ల దారిలో వచ్చేవాళ్లకు 18 నెలలు. ఇది కూడికల లెక్క. బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు రెండూ అమెరికాలో ఉన్నట్టే లెక్క.

రెండోది, నివాసం తెగకుండా ఉండాలి. ఇది ఒక్కో ప్రయాణానికి విడిగా చూస్తారు. ఒక ట్రిప్పు ఆరు నెలల లోపైతే సాధారణంగా ఇబ్బంది లేదు. ఆరు నెలలు దాటి ఏడాది లోపు ఉంటే "నివాసం తెగింది" అని అధికారి అనుకుంటారు, తెగలేదని నిరూపించాల్సిన బాధ్యత మీది. ఏడాది, ఆ పైన ఉంటే తెగిపోయినట్టే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో నాన్నకు పక్షవాతం వచ్చింది, మీరు వెళ్లి ఏడు నెలలు ఉన్నారు. అంతమాత్రాన అంతా పోయినట్టు కాదు. ఆ ఏడు నెలల్లో ఇక్కడి ఉద్యోగం వదల్లేదని కంపెనీ ఇచ్చిన సెలవు లేఖ, ఇంటి లీజు లేదా మార్ట్‌గేజ్ కట్టిన రికార్డు, భార్యాపిల్లలు ఇక్కడే ఉన్నట్టు స్కూలు కాగితాలు, ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్, ఆస్పత్రి డిశ్చార్జ్ సమ్మరీ, ఇవన్నీ కలిపి పెడితే అధికారిని ఒప్పించే అవకాశం బాగానే ఉంటుంది. అదే ఉద్యోగం మానేసి, ఇల్లు ఖాళీ చేసి, సామాను స్టోరేజ్‌లో పెట్టి వెళ్లి ఉంటే కష్టం.

ఎక్కువ కాలం బయట ఉండేవాళ్లు ముందే తీసుకునే రీఎంట్రీ పర్మిట్ (తిరిగొచ్చే అనుమతి పత్రం) ఉంటే ఫర్వాలేదనే మాట మన వాట్సాప్ గ్రూపుల్లో తరచూ వినిపిస్తుంది. రీఎంట్రీ పర్మిట్ కాపాడేది గ్రీన్‌కార్డును మాత్రమే. దాన్ని పట్టుకుని ఏడాదిన్నర ఇండియాలో ఉండి వస్తే కార్డు నిలుస్తుంది, సిటిజన్‌షిప్ లెక్క మాత్రం తెగుతుంది. అప్పుడు తిరిగొచ్చిన నాటి నుంచి నాలుగేళ్ల ఒక్క రోజు ఆగి వేయాలి. అప్పటికి కూడా గడిచిన ఐదేళ్లలో ఆరు నెలలు దాటిన గైర్హాజరు కనిపిస్తుంది కాబట్టి, నాలుగేళ్ల ఆరు నెలల ఒక్క రోజు ఆగి వేస్తే ఆ తలనొప్పి కూడా ఉండదు. అమెరికా కంపెనీ పని మీదే ఏడాదికి పైగా విదేశంలో ఉండాల్సి వస్తే నివాసం తెగకుండా కాపాడుకోవడానికి ఎన్-470 అనే ఫారం ఉంది. దానికి షరతులు చాలా ఉన్నాయి కాబట్టి వెళ్లకముందే లాయర్‌ను అడగండి.

ప్రయాణాల జాబితా తయారు చేయడానికి ఒక ఆదివారం కేటాయించండి. గత ఐదేళ్లలో 24 గంటలు దాటిన ప్రతి విదేశీ ప్రయాణం రాయాలి. కాంకున్ సెలవులు, నయాగరా అటువైపు కెనడాలో ఉన్న ఒక రాత్రి కూడా అందులోకి వస్తాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు అమెరికాలో దిగినప్పుడు ఇప్పుడు స్టాంపు వేయడం తగ్గిపోయింది. కాబట్టి పాస్‌పోర్టులో శంషాబాద్, చెన్నై, ఢిల్లీ స్టాంపులు చూడండి. మధ్యలో రెన్యువల్ అయి ఉంటే పాత పాస్‌పోర్టు కూడా బయటికి తీయండి. మెయిల్లో విమానం టికెట్లు వెతికితే మిగిలినవి దొరుకుతాయి. అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టుకుని వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ, రోజులు అని మూడు వరుసలు వేయండి. ఇంటర్వ్యూ రోజున ఆ షీట్ ప్రింటు చేతిలో ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఫారం వేశాక చేసిన ట్రిప్పులను కూడా అందులోనే చేరుస్తూ ఉండండి, ఇంటర్వ్యూలో వాటి గురించి తప్పకుండా అడుగుతారు.

ఎన్-400 నింపడం

యూఎస్‌సీఐఎస్ సైట్‌లో అకౌంట్ తెరిచి ఆన్‌లైన్‌లో నింపడమే మంచిది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రేట్ల ప్రకారం ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద పంపితే 760. కుటుంబ ఆదాయం ప్రభుత్వ పేదరిక ప్రమాణానికి నాలుగు రెట్ల లోపు ఉంటే 380 డాలర్లతోనే వేయొచ్చు, అయితే దానికి కాగితం ఫారమే పంపాలి. ఇంకా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు పూర్తి మినహాయింపు అడగొచ్చు. డబ్బు కట్టే రోజున సైట్‌లో రేటు మరోసారి చూసుకోండి.

పేరు, చిరునామాలు, ఉద్యోగాలు, పెళ్లి, పిల్లలు, ఈ భాగాలు సులభం. ఐదేళ్ల చిరునామాల్లో, ఉద్యోగాల్లో ఖాళీ నెలలు లేకుండా చూసుకోండి. రెండు ప్రాజెక్టుల మధ్య మూడు నెలలు ఖాళీగా ఉంటే ఆ మూడు నెలలూ ఉద్యోగం లేదనే రాయాలి.

ఒక హెచ్చరిక. సిటిజన్‌షిప్ దరఖాస్తు వేసినప్పుడు అధికారి ఈ ఐదేళ్లనే కాదు, మీ మొత్తం ఇమ్మిగ్రేషన్ ఫైలును తెరవొచ్చు. ఎఫ్-1 (విద్యార్థి వీసా)లో చదువుతూ చేసిన సీపీటీ ఉద్యోగం, హెచ్-1బీ (ఉద్యోగ వీసా) కాలంలో పని చేసిన చోట్లు, గ్రీన్‌కార్డు స్పాన్సర్ చేసిన కంపెనీలో నిజంగా పని చేశారా లేదా, అన్నీ అడగొచ్చు. కార్డు వచ్చిన కొద్ది వారాలకే ఆ కంపెనీ వదిలేసినవాళ్లు ఎందుకు వదిలేశారో చెప్పగలగాలి. డబ్ల్యూ-2లు (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రాలు), పే స్లిప్పులు, రాజీనామా మెయిలు దగ్గర పెట్టుకోండి. పాత కాగితాల్లో అబద్ధం ఉంటే లాయర్ లేకుండా ముందుకెళ్లొద్దు. మోసం చేసి పొందిన పౌరసత్వాన్ని ఏళ్ల తర్వాత కూడా వెనక్కి తీసుకునే అధికారం కోర్టులకు ఉంది.

"ఎప్పుడైనా" అని మొదలయ్యే ప్రశ్నలు

ఫారంలో అసలు బరువంతా ఇక్కడే ఉంటుంది. "ఎప్పుడైనా" అంటే పుట్టినప్పటి నుంచి, ప్రపంచంలో ఎక్కడైనా అని అర్థం. చకచకా "నో, నో" అని టిక్కు పెట్టుకుంటూ పోవద్దు. మనవాళ్లకు తగిలేవి కొన్ని చెబుతాను.

అరెస్టులు, కేసులు: ఇండియాలో నమోదైన కేసులు కూడా చెప్పాలి. గొడవల్లో పెట్టిన 498ఏ కేసు రాజీ అయినా, కొట్టేసినా దాని కోర్టు కాగితం తెప్పించి జత చేయాలి. ఇక్కడి ట్రాఫిక్ టికెట్ల సంగతికొస్తే, మద్యం, మత్తు పదార్థాలు, అరెస్టు లేకుండా, జరిమానా 500 డాలర్ల లోపు ఉన్నవాటికి పత్రాలు పెట్టక్కర్లేదు. కానీ అడిగితే దాచకుండా చెప్పాలి. తాగి నడిపిన కేసు వేరే సంగతి. ఐదేళ్లలో అలాంటి కేసులు (డీయూఐలు) రెండుంటే పౌరసత్వానికి తప్పనిసరైన సత్ప్రవర్తన లేనట్టేనని మొదలుపెడతారు.

గంజాయి: మీ రాష్ట్రంలో చట్టబద్ధం కావచ్చు, సెంటర్ చట్టం దృష్టిలో అది ఇంకా నేరమే. డెన్వర్ ట్రిప్పులో తిన్న గమ్మీ గురించి అధికారి ముందు ఒప్పుకున్నా ఇబ్బందే. గ్రీన్‌కార్డు ఉన్నంతకాలం దాని జోలికి వెళ్లకండి.

ఓటు: డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునేటప్పుడు కౌంటర్‌లో "ఓటరుగా నమోదు చేయమంటారా?" అని అడుగుతారు. తెలియక అవునంటే ఓటర్ల జాబితాలో పేరు ఎక్కుతుంది. ఓటు వేయకపోయినా, పౌరులమని చెప్పుకున్నట్టు నమోదైతే అది చాలా పెద్ద సమస్య. అనుమానం ఉంటే కౌంటీ ఎన్నికల ఆఫీసులో ఇప్పుడే కనుక్కోండి. పేరుంటే దరఖాస్తుకు ముందే లాయర్‌ను కలవండి.

కమ్యూనిస్టు పార్టీ: ప్రపంచంలో ఎక్కడైనా కమ్యూనిస్టు పార్టీలో సభ్యులుగా ఉన్నారా, దానితో ఏ విధంగానైనా సంబంధం ఉందా అని అడుగుతారు. అమెరికాలో పుట్టినవాళ్లకు అది పాత కాలపు ప్రశ్నలా ఉంటుంది. ఖమ్మంలోనో విజయవాడలోనో కాలేజీ చదివి వామపక్ష విద్యార్థి సంఘంలో తిరిగినవాళ్లకు, ఇంట్లో పార్టీ సభ్యత్వం ఉన్నవాళ్లకు అది నిజమైన ప్రశ్న. చట్టం ముఖ్యంగా చూసేది దరఖాస్తుకు ముందు పదేళ్లను. పదహారేళ్లలోపు సభ్యత్వం లాంటి మినహాయింపులూ ఉన్నాయి. అబద్ధం చెప్పకుండా, ఎలా చెప్పాలో సలహా తీసుకుని చెప్పండి.

ఎన్‌సీసీ: ఆయుధాల శిక్షణ ఎప్పుడైనా పొందారా అనే ప్రశ్న ఉంది. ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిల్‌తో టార్గెట్ కాల్చినవాళ్లు మనలో ఎంతోమంది. అవునని టిక్కు పెట్టి, ఏ ఏడాదిలో, ఏ కాలేజీలో, ఎన్ని రోజుల క్యాంపు అని రెండు వాక్యాల్లో వివరం రాస్తే సరిపోతుంది. విద్యార్థుల సంస్థ అని తెలిస్తే అధికారికి కూడా అభ్యంతరం ఉండదు.

పన్నులు: ఐదేళ్ల ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్టులు పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ సైట్ నుంచి ఉచితంగా తీసుకోండి. ఊళ్లో ఇంటి అద్దె, ఇండియా ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ ఇక్కడ చూపించాలి. విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల రిపోర్టు వేయాలి. చూపించకపోతే సీపీఏ (అకౌంటెంట్)తో ముందే సరిచేయించుకోండి. బాకీ ఉండి వాయిదాల ఒప్పందం ప్రకారం కడుతుంటే దాని కాగితం తీసుకెళ్తే చాలు.

సెలెక్టివ్ సర్వీస్ (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి పేర్ల నమోదు): 18 నుంచి 26 ఏళ్ల లోపు గ్రీన్‌కార్డుతో ఇక్కడున్న అబ్బాయిలు నమోదై ఉండాలి. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబ వీసా)లోనో ఎఫ్-1లోనో ఉండి 26 దాటాక కార్డు వచ్చినవాళ్లకు ఆ అవసరం రాలేదు. ఆ వీసా కాగితాలు చూపిస్తే సరిపోతుంది.

2025 ఆగస్టు నుంచి సత్ప్రవర్తనను మరింత లోతుగా చూడాలని అధికారులకు ఆదేశాలున్నాయి. తప్పు చేయలేదని చూపడంతో ఆగకుండా, సమాజానికి చేసిన మేలు కూడా చూస్తున్నారు. గుడిలోనో ఫుడ్ బ్యాంకులోనో పిల్లల స్కూల్లోనో వాలంటీర్‌గా చేస్తుంటే ఒక లేఖ తీసుకుని ఉంచండి.

పేరు సరిచేసుకునే అవకాశం

ఇంటిపేరు ముందా వెనకా అన్న తికమకలో పడని తెలుగువాడు అమెరికాలో ఉండడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి వీసా మీద మొదటి పేరు "ఎఫ్‌ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదు) అని పడినవాళ్లు, తాతగారి పేరు, ఊరి పేరు, తమ పేరు అన్నీ ఒకే గడిలో ఉండిపోయినవాళ్లు ఎందరో. ఎన్-400లోనే పేరు మార్పు అడగొచ్చు, దానికి విడిగా ఫీజు లేదు. అయితే పేరు మార్చే అధికారం కోర్టుకే ఉంది కాబట్టి జడ్జి ముందు జరిగే ప్రమాణానికి వెళ్లాలి, కొన్ని ఊళ్లలో దానికి ఆలస్యం అవుతుంది.

మార్చుకునే ముందు ఇండియా కాగితాలు తలుచుకోండి. పదో తరగతి మెమో, డిగ్రీ, పాన్, పట్టాదారు పాస్‌పుస్తకం, ఫ్లాటు రిజిస్ట్రేషన్ అన్నీ పాత పేరుతోనే ఉంటాయి. ఎఫ్‌ఎన్‌యూ లాంటి నిజమైన బాధ ఉంటే తప్పకుండా మార్చుకోండి. పలకడానికి సులువని పేరును సగానికి కత్తిరించుకోవడం మాత్రం నాకు నచ్చదు. రేపు మూడు తరాల ఆస్తి కాగితాల్లో ఆ తేడాను వివరించాల్సింది మీ పిల్లలే. మార్చుకుంటే కోర్టు ఆర్డర్ కాపీలు భద్రంగా ఉంచండి.

వేశాక ఎదురుచూపు

రసీదు వస్తుంది. దానితో గ్రీన్‌కార్డు గడువు దానంతటదే 24 నెలలు పెరుగుతుంది, కాబట్టి కార్డు గడువు దగ్గర పడుతోందని విడిగా రెన్యువల్ ఫీజు కట్టనక్కర్లేదు. వేలిముద్రలకు పిలుస్తారు. ఇంటర్వ్యూ ఎప్పుడన్నది మీ ఊరి ఫీల్డ్ ఆఫీసు రద్దీని బట్టి ఉంటుంది. ఈ కాలంలో ఇండియా వెళ్లి రావొచ్చు, ఇంటర్వ్యూ లెటర్ వస్తే చూసేవాళ్లు ఒకరు ఉండాలి.

ఇంటర్వ్యూ, పరీక్ష

అధికారి నిలబెట్టి ప్రమాణం చేయిస్తారు, తర్వాత ఫారం మొత్తం తిరగేస్తూ ప్రశ్నలడుగుతారు. ఆ సంభాషణే మీ ఇంగ్లిష్ మాట్లాడే పరీక్ష. చదవడానికి మూడు వాక్యాల్లో ఒకటి, రాయడానికి మూడింట్లో ఒకటి సరిగ్గా వస్తే చాలు. ఫారంలో ఉన్న "ఓత్", "అలీజియన్స్" లాంటి మాటలకు అర్థం చెప్పమని అడుగుతారు కాబట్టి సులభమైన ఇంగ్లిష్‌లో సమాధానం సిద్ధం చేసుకోండి. అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి. అర్థం కాని ప్రశ్నకు "యెస్" అనేయడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించి అడిగే సివిక్స్ పరీక్ష మారింది. 2025 అక్టోబర్ 20న గానీ ఆ తర్వాత గానీ దరఖాస్తు వేసినవాళ్లకు కొత్తది. 128 ప్రశ్నల పట్టిక నుంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. పన్నెండు రాగానే ఆపేస్తారు, తొమ్మిది తప్పులైనా ఆపేస్తారు. అంతకుముందు వేసినవాళ్లకు పాత పద్ధతే: వందలోంచి పది, ఆరు చెబితే పాస్. స్నేహితులిచ్చిన పాత ఫ్లాష్‌కార్డులు చదివే ముందు ఏ పరీక్షకో చూసుకోండి. ప్రశ్నలు, సమాధానాలు అన్నీ ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి.

బట్టీ పట్టడం మనకు కొత్త కాదు, కానీ ఇది నోటితో చెప్పే పరీక్ష. పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టి అడిగించుకోండి. స్కూల్లో వాళ్లు చదువుతున్నది కూడా అదే కాబట్టి ఉత్సాహంగా అడుగుతారు. రాజ్యాంగానికి 27 సవరణలు, ప్రతినిధుల సభలో 435 మంది ఓటింగ్ సభ్యులు లాంటి అంకెలు ఒక కాగితం మీద విడిగా రాసుకోండి. గవర్నర్, సెనేటర్లు, స్పీకర్ పేర్లు ఇంటర్వ్యూ ముందురోజు మళ్లీ చూడండి, ఎన్నికల తర్వాత మారి ఉండొచ్చు.

తీసుకెళ్లాల్సినవి: గ్రీన్‌కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాతవీ కొత్తవీ అన్ని పాస్‌పోర్టులు, ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్టులు, పెళ్లి సర్టిఫికెట్, ముందు పెళ్లి ఉంటే విడాకుల డిక్రీ, కోర్టు కాగితాలు, ట్రిప్పుల షీట్. పరీక్ష తప్పితే 60 నుంచి 90 రోజుల్లో తప్పిన భాగానికి రెండో అవకాశం ఇస్తారు. దరఖాస్తు తిరస్కరిస్తే 30 రోజుల్లో ఎన్-336తో మళ్లీ విచారణ అడగొచ్చు.

పెద్దవాళ్లకు వెసులుబాట్లున్నాయి. 50 ఏళ్లు దాటి 20 ఏళ్లుగా గ్రీన్‌కార్డు ఉన్నా, 55 దాటి 15 ఏళ్లుగా ఉన్నా ఇంగ్లిష్ అక్కర్లేదు. సివిక్స్ తెలుగులోనే, దుబాసీ సాయంతో చెప్పొచ్చు. 65 దాటి 20 ఏళ్లుంటే ఎంపిక చేసిన 20 ప్రశ్నలే చదవాలి, పదిలో ఆరు చెప్పాలి. మతిమరుపు లాంటి జబ్బు వల్ల నేర్చుకోలేని స్థితిలో ఉంటే డాక్టర్ చేత ఎన్-648 అనే మినహాయింపు ఫారం నింపించాలి. కేవలం వయసు, చదువు లేకపోవడం దానికి కారణాలుగా పనికిరావు. పిల్లల ద్వారా కార్డు తెచ్చుకుని ఏటా సగం కాలం ఊళ్లో గడిపే అమ్మానాన్నలకు పరీక్ష కంటే ఆ 30 నెలల లెక్కే ముందు చూడాలి.

ప్రమాణం రోజు, తర్వాతి ఖాళీ రోజులు

ఓత్ (ప్రమాణం) నోటీసు వెనక ఇంటర్వ్యూ తర్వాత ఎక్కడికైనా వెళ్లారా, టికెట్ పడిందా అని ప్రశ్నలుంటాయి, ఆ రోజు ఉదయమే నింపండి. గ్రీన్‌కార్డు అక్కడే తీసేసుకుంటారు. సర్టిఫికెట్ చేతికిచ్చినప్పుడు కుర్చీలోంచి లేవకముందే పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూసుకోండి. తర్వాత బయటపడ్డ తప్పుకు కొత్త సర్టిఫికెట్ కోరే ఎన్-565 ఫారం వేసి నెలల తరబడి ఆగాల్సి రావొచ్చు. లామినేషన్ చేయించొద్దు.

ఇప్పుడు జాగ్రత్త. గ్రీన్‌కార్డు లేదు, అమెరికా పాస్‌పోర్టు ఇంకా రాలేదు, ఇండియా పాస్‌పోర్టుతో ప్రయాణించే హక్కు పోయింది. అంటే కొన్ని వారాలు దేశం దాటలేరు. ఇండియాలో పెళ్లి ముహూర్తమో, అమ్మ ఆపరేషనో ఉంటే అది అయ్యాకే ఓత్‌కు తేదీ కుదిరేలా చూసుకోండి. సరైన కారణంతో వేరే తేదీ అడగొచ్చు. ఓత్ అయిన వారంలోనే డీఎస్-11 ఫారంతో పాస్‌పోర్టుకు వెళ్లండి. పెద్దవాళ్లకు 130 డాలర్లు, తీసుకునే ఆఫీసుకు 35, త్వరగా కావాలంటే మరో 60. ఒరిజినల్ సర్టిఫికెట్ వాళ్లకు ఇవ్వాలి, తర్వాత విడిగా పోస్టులో వస్తుంది. కాబట్టి ఇచ్చే ముందు రంగుల్లో స్కాన్ చేసుకోండి.

18 ఏళ్లు నిండని, గ్రీన్‌కార్డు ఉండి మీ దగ్గరే మీ కస్టడీలో ఉంటున్న పిల్లలు మీరు ప్రమాణం చేసిన క్షణంలోనే పౌరులవుతారు. పెద్దబ్బాయికి 17 దాటితే ఆలస్యం చేయకుండా వేయడానికి ఇంతకంటే మంచి కారణం లేదు. ఒక్క రోజు తేడాతో 18 నిండితే వాడు విడిగా వేసుకోవాలి.

సోషల్ సెక్యూరిటీ రికార్డు కూడా పౌరుడిగా మార్పించండి. ఓటరుగా నమోదు చేసుకోండి, ఇప్పుడది మీ హక్కు.

ఇండియా వైపు కాగితాలు

ముందు భారత పాస్‌పోర్టు సరెండర్. కాన్సులేట్ తరఫున కాగితాలు తీసుకునే వీఎఫ్‌ఎస్ అనే సంస్థ ద్వారా మీ పరిధిలోని కాన్సులేట్‌కు పంపాలి, టెక్సాస్ వాళ్లకైతే హ్యూస్టన్. రద్దయిన పాస్‌పోర్టు, సరెండర్ సర్టిఫికెట్ తిరిగి వస్తాయి. ఆలస్యం చేసినా, ప్రమాణం తర్వాత పాత పాస్‌పోర్టుతో ప్రయాణించినా జరిమానాలున్నాయి. అది చేతికొచ్చాక ఓసీఐ. దరఖాస్తు ప్రభుత్వ సైట్‌లో, కాగితాలు మళ్లీ వీఎఫ్‌ఎస్ ద్వారా. ప్రభుత్వ ఫీజు 275 డాలర్లు. ఫొటో, సంతకం సైజులు సరిగ్గా లేక వెనక్కి వచ్చే ఫైళ్లు చాలా ఉంటాయి, కొలతలు చూసుకుని అప్‌లోడ్ చేయండి. ఓసీఐ రాకముందే వెళ్లాల్సి వస్తే అమెరికా పాస్‌పోర్టు మీద ఈ-వీసా తీసుకోవచ్చు. పౌరసత్వం పుట్టుకతోనా, నాచురలైజేషన్‌తోనా అన్న గడిలో రెండోదే పెట్టండి.

పొలం గురించి చాలామందికి భయం. మీరు ఇండియాలో ఉన్నప్పుడు కొన్నది, పెద్దల నుంచి వారసత్వంగా వచ్చినది ఉంచుకోవచ్చు. అమ్మదలిస్తే ఇండియాలో నివసించే భారతీయ పౌరులకే అమ్మాలి. కొత్తగా పొలం, ఫామ్‌హౌస్, తోట కొనడానికి వీల్లేదు. నిజానికి ఎన్‌ఆర్‌ఐగా ఉన్నప్పుడూ ఆ నియమమే కాబట్టి ఇక్కడ కొత్తగా పోయేది లేదు. పిల్లల చదువు విషయంలో మాత్రం తేడా ఉంది. 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ ప్రకారం, ఆ తర్వాత ఓసీఐ తీసుకున్నవాళ్లు నీట్, జేఈఈ లాంటి వాటిలో ఎన్‌ఆర్‌ఐ కోటా సీట్లకే అర్హులు. పాపను ఇండియాలో ఎంబీబీఎస్ చదివించాలనుకునేవాళ్లు దీన్ని ముందే ఆలోచించండి.

బ్యాంకుల్లో ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు కొనసాగుతాయి, కొత్త పాస్‌పోర్టు, ఓసీఐ కాపీలతో కేవైసీ మార్పించాలి. పాన్ అదే ఉంటుంది, అందులో పౌరసత్వం వివరం మార్చుకోవాలి. ఊళ్లో ఓటరు జాబితాలో మీ పేరు ఇంకా ఉంటే ఫారం 7తో తీయించండి. ఎన్నికలప్పుడు ఊరెళ్లి పాత ఓటరు కార్డుతో ఓటు వేయడం ఇప్పుడు నేరం. ఇరవై ఏళ్లు నిండేదాకా పాస్‌పోర్టు రెన్యువల్ అయినప్పుడల్లా, యాభై నిండాక ఒకసారి, కొత్త పాస్‌పోర్టు కాపీని, కొత్త ఫొటోను ఓసీఐ సైట్‌లో అప్‌లోడ్ చేయాలి. ఇరవై ఏళ్లలోపు ఓసీఐ తీసుకున్న పిల్లలకు, ఇరవై నిండాక వచ్చే కొత్త పాస్‌పోర్టుతో కార్డును కూడా ఒకసారి మళ్లీ తీసుకోవాలి. శంషాబాద్ విమానం ఎక్కే ముందు చెక్-ఇన్ కౌంటర్‌లో అడిగేవి ఆ రెండే, అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు. ఇంట్లో అందరివీ ఒకే కవర్‌లో పెట్టి ఉంచండి.